పద్దెనిమిదో రోజు అధ్యాయం

ఆ నలభై రోజుల కార్డు టైపు చేసింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి నేను చాలామందిని తిడతాను. నన్ను కూడా ఆ వరసలో కూర్చోబెట్టుకునే చదవండి.

మద్దిలపాలెంలో డిపో ఎదురు సందులో కొండలరావు గారి ప్రింటింగ్ షాపు. పదకొండేళ్ళుగా అక్కడ డీటీపీ పని నాది. శుభలేఖలు, గృహప్రవేశాలు, చర్చి కరపత్రాలు, ఏదైనా సరే, నా చేతిలోంచి వెళ్ళిన కాగితంలో తప్పు దొరకదని పేరు. పోయినేడు క్రిస్మస్‌కి మా అయ్యగారు (మా చర్చి పాస్టరు గారిని అలాగే పిలుస్తాం) పల్పిట్ మీదనుంచే, రోజారమణి చేతిలో అచ్చుతప్పు పుట్టదని మెచ్చుకున్నారు. ఆ మాట చాలా రోజులు బుగ్గన పెట్టుకుని తిరిగాను.

ఈ ఏడు ఈస్టరు ముందొచ్చే శ్రమదినాలకి అయ్యగారికి ఓ ఆలోచన వచ్చింది. నలభై రోజులూ ప్రతి ఇంట్లో యోబు గ్రంథం చదవాలి. అందులో నలభై రెండు అధ్యాయాలు. మొదటి రోజు రెండు, ఆఖరి రోజు రెండు, మధ్యలో రోజుకొకటి. ఆదివారాలు సెలవు. కార్డు మీద తేదీ, అధ్యాయం, పక్కన చదివామని టిక్కు పెట్టుకోడానికి ఓ గడి. ఐదు వందల కార్డులు వేశాం. బైబిలు చదవడానికి గడి ఎందుకని నాకు అప్పుడే చిరాకేసింది. మావాళ్ళకి గడి లేకపోతే భక్తి రాదు మరి.

గడి కనబడగానే ప్రాణం లేచొచ్చిన మనిషి మా బావగారు కనకరత్నం, మా ఆయన నాగబాబుకి అన్నగారు. స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఎవరో ఒకరిని నిలబెట్టి పని చేయించకపోతే ఆయనకి తిన్నది అరగదు. దువ్వాడలో మా ఇంట్లో కింద వాటాలో ఆయన, ఆయన భార్య తాయారక్క, మా అత్తగారు దేముడమ్మ. పై వాటాలో మేమిద్దరం. బావగారికి మూడు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. రోజూ తెల్లారి ఆరూ పదికి అందులో ఒక ఫొటో వస్తుంది. తెరిచిన బైబిలు, దాని మీద కళ్ళద్దాలు, పక్కన కాఫీ కప్పు. ఆ కళ్ళద్దాలు ఆయన వాడేవి కావు, ఫొటో కోసం దాచిన పాత జత. కప్పు కూడా అప్పటికి ఖాళీయే. ఫొటో కింద, ఈ ఉదయం దేవుడు నాతో మాట్లాడిన మాట అని ఓ పేరా. దేవుడు ఆయనతో ఏ వెబ్‌సైటు ద్వారా మాట్లాడతాడో నాకు తెలుసు. ఆయన ఫోను పాడైతే బాగుచేసి ఇచ్చేది నేనే.

మా ఇళ్ళలో కుటుంబ ప్రార్థనకి ఓ పద్ధతుంది. చాప మీద గుండ్రంగా కూర్చుని తలా ఒక వచనం వంతులవారీగా చదవాలి. చదువు రానివాళ్ళున్నా వాళ్ళ వంతు పోదు. పక్కనున్నవాళ్ళు ముక్కముక్కగా అందిస్తే వాళ్ళు పలుకుతారు. మా అత్తమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు, అక్షరం ముక్క రాదు. కానీ పోర్టులో కళాసీగా చేసిన మా మామయ్య గవర్రాజు, డ్యూటీ దిగి వచ్చాక రోజూ ఆవిడకి చదివి వినిపించేవాడట. ముప్ఫయ్యేళ్ళు విని విని ఆవిడకి సగం బైబిలు చెవుల్లోనే ఉండిపోయింది. మనం మొదలుపెడితే ఆవిడ ముగించేది.

మొదటి రోజు తెల్లవారుజామునే ఐదున్నరకి అందరం చాప మీద చేరాం. బావగారు ఎదురుగా స్టాండుకి ఫోను బిగించారు.

"అమ్మా, రికార్డింగ్ అవుతాది. నువ్వు ఇనుకో, సాలు," అన్నారు.

"మరి నా వంతో?"

"నీ వంతు నాను సదివీస్తాను. నీకు ఒకో ముక్కా అందిస్తే టైమ్ ఎక్కువైపోతంది. గ్రూపులో ఎవులూ ఇనరు."

అత్తమ్మ ఒళ్ళో బైబిలు అలాగే పట్టుకుని కూర్చుంది. కన్నతల్లి వంతు లాక్కున్న ఆ మనిషి ఫోను వైపు తిరిగి, "ప్రభువునందు ప్రియమైన సహోదరులారా" అని గొంతు మార్చారు. మా ఆయన ఆవలించాడు. పోర్టులో క్రేన్ మీద కూర్చుని అంత బరువులు లేపే మనిషికి అన్నగారి ముందు నోరు లేవదు. నేనూ ఊరుకున్నాను. లోపల తిట్టుకోవడం నాకు ఎప్పుడూ సరిపోయేది.

యోబు కథ మీకు తెలిసే ఉంటుంది. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నవాడి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి, నీదే ఏదో తప్పుండాలని అధ్యాయాలకి అధ్యాయాలు వాయించేస్తారు. ఆ ముగ్గురూ ఒకేలా మాట్లాడతారు. పదో రోజుకి మా చాప మీద ఎవరికీ ఏ స్నేహితుడు ఏమన్నాడో తెలియడం మానేసింది. తాయారక్క చదువుతూ చదువుతూ ఇడ్లీ పాత్ర వైపు చూసేది. బావగారు మాత్రం రోజూ టిక్కు పెట్టి ఆ టిక్కుని కూడా ఫొటో తీసి పెట్టేవారు. కింద ఆమేన్ల వాన.

పద్దెనిమిదో రోజు చదవడం అయ్యింది. బావగారు ఫోను ఆపబోతున్నారు.

"ఒరే రత్నం, ఇది నిన్న సదివిందే కదా," అంది అత్తమ్మ.

"నిన్నది నిన్న, ఇయాల్ది ఇయాల."

"కాదురా. వలలని, ఉచ్చులని, బోనులని నిన్న కూడా ఇవే సదివేరు. దుర్మార్గుడి దీపం ఆరిపోతాదని కూడా అన్నారు. ఆ రెండో సేయితుడు మాటాడీసినాక యోబు మాటాడాల. అందులో నా మాట ఉంటాది. ఇయాల రావాల, రానేదు."

"నీ మాటేటి?"

"మీ నాన్న సమాధి మీది మాట."

బావగారు కార్డు తీసి ఆవిడ ముఖం ముందు ఆడించారు. "ఇదిగో, కార్డు మీద రాసుంది. అయ్యగారు ఇచ్చిన కార్డు. అయ్యగారి కంటే నీకెక్కువ తెలుసేటి?"

"కార్డు నాకేటి తెలుసురా, నానిన్నది సెప్తన్నాను."

"మొన్న పాలు కూడా పొయ్యి మీద ఎట్టి మర్సిపోనారు," అని తాయారక్క సందు చూసుకుని ఒక పుల్ల వేసింది.

బావగారు తమ్ముడి వైపు చూసి, తల దగ్గర వేలు తిప్పి చూపించారు. మా ఆయన తల దించుకున్నాడు.

పైకి వచ్చి నా కార్డు చూసుకున్నాను. పదిహేడో రోజు, పద్దెనిమిదో అధ్యాయం. పద్దెనిమిదో రోజు, పద్దెనిమిదో అధ్యాయం. పంతొమ్మిదో రోజు, ఇరవయ్యో అధ్యాయం. ఒక వరుస కాపీ చేసి కింద అతికించి, తేదీ, అంకె మార్చుకుంటూ పోవడం మా పని. ఆ వరుసలో తేదీ మార్చాను, అధ్యాయం మార్చలేదు. ఏ పెళ్ళికొడుకు ఇంటిపేరో మార్చమని ఫోను వచ్చి ఉంటుంది ఆ నిమిషంలో. పంతొమ్మిదో అధ్యాయం కార్డులోంచి ఎగిరిపోయింది.

మా వంతులు మారవు, మనుషులు మారలేదు. అంటే ముందురోజు నేను చదివిన వచనాలే మర్నాడూ నా వంతుకి వచ్చాయి. అవే మాటలు నా నోటితో రెండుసార్లు పలికాను. నాకే తట్టలేదు.

సిగ్గుపడాలి కదా? నాకు నవ్వొచ్చింది. గ్రూపు తెరిచి చూశాను. ఒకే అధ్యాయం మీద దేవుడు బావగారితో రెండు రోజులు రెండు వేరు వేరు మాటలు మాట్లాడాడు. మొదటి రోజు, మన ఇంట దీపం వెలుగుతున్నదా అని. రెండో రోజు, స్నేహితుల హెచ్చరిక ఔషధం వంటిదని. రెండింటికీ ఆమేన్లు, చేతులు జోడించిన బొమ్మలు. వాటిలో ఒకటి అయ్యగారిది. ఐదు వందల కార్డులు, అన్ని ఇళ్ళు, ఒక్కరంటే ఒక్కరు ఫోను చేసి ఇదేమిటని అడగలేదు. ఆదివారం అయ్యగారు, ఎవరెవరు క్రమం తప్పకుండా చదువుతున్నారో చేతులెత్తమన్నారు. చర్చి నిండా చేతులు లేచాయి. నేనూ ఎత్తాను.

తప్పు నాదని చెబితే నా పేరు పోతుంది. చెప్పకపోతే వీళ్ళందరినీ చూసి రోజూ కడుపారా నవ్వుకోవచ్చు. నేను రెండోది తీసుకున్నాను. అత్తమ్మ సంగతి ఆ లెక్కలోకే రాలేదు.

వారం దాటగానే బావగారు ఆవిణ్ణి సీతమ్మధారలో ఓ క్లినిక్‌కి తీసుకెళ్ళారు. తోడుగా ఆడమనిషి ఉండాలని నన్ను రమ్మన్నారు. డాక్టరు చిన్నపిల్ల, మర్యాదగానే మాట్లాడింది.

"ఇవాళ ఏ వారమండీ మామ్మగారూ?"

"లచ్చివారం."

"పొద్దున ఏం తిన్నారు?"

"రెండిడ్లీ. మూడోది గట్టిగున్నాది, వొదిలీసినాను."

"వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?"

"నాను సదువుకోనేదమ్మా."

తరువాత కాగితం, పెన్ను ఇచ్చి గడియారం బొమ్మ గీయమంది. అత్తమ్మ పెన్నుని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని, ఎలాగో ఓ సున్నా గీసి ఆగిపోయింది. అంకెలు రాని మనిషి అందులో ఏం వేస్తుంది? డాక్టరు ఆ సున్నా కేసి చూసి ఏదో రాసుకుంది.

"అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటారా?"

"అదే కదండీ మా బాధ," అన్నారు బావగారు. "సదివిందే మల్లీ సదివేరంటాది. కార్డు సూపించినా ఒప్పుకోదు. వారం నుంచి అదే గోల."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "రమణీ, నువ్వు సెప్పు. నువ్వు సదువుకున్నదానివి. ఆ దినం సదివిందే సదివేరా, నేదా?"

గదిలో అందరూ నా వైపు చూశారు. నా హ్యాండ్ బ్యాగులో ఆ కార్డు ఉంది.

"ఏమో అత్తమ్మా," అన్నాను. "నాకు గుర్తు లేదు."

గుర్తు లేదన్నది నేను. మాత్రలు రాసింది ఆవిడకి.

ఆ సాయంత్రం ఎందుకో పంతొమ్మిదో అధ్యాయం తీసి చదివాను. చుట్టాలు దూరమైపోయారని, తన ఇంట్లో ఉన్నవాళ్ళకే తాను పరాయివాడైపోయాడని అందులో యోబు ఏడుస్తాడు. కొంచెం ముందుకి వెళితే అత్తమ్మ మాట ఉంది. పుస్తకం మూసి, మర్నాటికి పప్పు నానబోశాను.

ఆ మాత్రలకి అత్తమ్మ పగలంతా మగతగా ఉండేది. బుధవారం బుధవారం ఒక్కతే ఆటో ఎక్కి స్త్రీల సమాజానికి వెళ్ళే మనిషి. దారి తప్పిపోతుందని బావగారు గేటుకి తాళం వేయించారు. అమ్మ ఆరోగ్యం కోసం ప్రార్థించండని గ్రూపులో పెట్టారు, ఆవిడ మగతగా కూర్చున్న ఫొటోతో సహా. నూట నలభై ఆమేన్లు వచ్చాయి. ఆవిణ్ణి చూడ్డానికి ఒక్కరూ రాలేదు.

అన్నిటికంటే ఘోరం తరువాత మొదలైంది. ఆవిడ తన మీద తానే నమ్మకం వదిలేసింది. తను తాళింపు పెట్టిన కూర దగ్గర నిలబడి, "అమ్మీ, ఉప్పేసినానా?" అని అడిగేది. వేసే ఉండేది. చాప మీద పెదవి కదపడం మానేసింది. ఓ రోజు మెట్ల మీద నన్ను ఆపి, "నిజిమే కావాల్నే. నాకే బుర్ర పాడయ్యుంటాది. మీరందరూ ఒకలాగ సెప్తన్నప్పుడు నానొక్కదాన్నే ఎలాగ రైటవుతాను?" అంది.

అప్పుడైనా చెప్పాలి కదా. షాపుకి టైమైపోయిందన్నాను. బస్సులో కూర్చున్నాక మొదటిసారి నా మీద నాకు అసహ్యం వేసింది. మద్దిలపాలెంలో దిగేసరికి దాన్ని కూడా సర్దేసుకున్నాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

గడులు ఒక్కటీ తప్పకుండా నిండుతూ వచ్చాయి. గుడ్ ఫ్రైడేనాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు, బహుమానంగా అందులో ఐదోది బావగారికి దక్కింది. దాహం గురించి. ఇరవై నిమిషాలు మాట్లాడి మధ్యలో మూడుసార్లు మంచినీళ్ళు తాగారు.

ఈస్టరు తెల్లవారుజామున మేమంతా సమాధుల తోటకి వెళతాం. సమాధులకి ముందురోజే సున్నం వేసి, పొద్దున్నే బంతిపూలు, కొవ్వొత్తులు పెడతారు. అయ్యగారు, కొందరు సంఘస్థులు వరసగా ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేసుకుంటూ వస్తారు. మామయ్య పోయి ఏడేళ్ళు. ఏడేళ్ళూ ఆ సమాధి దగ్గర అత్తమ్మే నిలబడి, రాయి మీదున్న మాట చూడకుండా గట్టిగా చెప్పేది. చూడ్డానికి ఆవిడకి చదవడం వస్తే కదా. మామయ్య ఆఖరి రోజుల్లో ఆవిడ చేత వందసార్లు చెప్పించుకున్న మాట అది, తనని విడిపించేవాడు బతికే ఉన్నాడని.

అందరూ చుట్టూ చేరారు. బావగారు ఫోను పైకెత్తి రికార్డింగ్ పెట్టారు.

"అమ్మకి ఈ మధ్య జ్ఞాపకశక్తి సన్నగిల్లినది గనుక, ఈ సంవత్సరం ఆ వాక్యమును నేను చదివెదను," అన్నారు ఫోను గొంతుతో.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ," అంది మెల్లగా, "నానెప్పుడూ ఇక్కడ ఏటి సెప్పీదాన్ని?"

ఆ మాట ఆవిడ ఎదురుగానే ఉంది, తెల్లటి సున్నం మీద నల్లటి అక్షరాల్లో. ముందురోజే బావగారు కుంచె పట్టుకుని దిద్దారు. మాట కింద దాని చిరునామా కూడా ఉంది. యోబు పంతొమ్మిది. ప్రతి ఏడూ ఆ అంకె ఆయన చేత్తోనే దిద్దుతారు. ప్రతి ఏడూ నేను పక్కన నిలబడి అక్షరాలు సరిగ్గా వచ్చాయో లేదో చూస్తాను.

ఇక నావల్ల కాలేదు.

"బావగారూ, ఆగండి," అన్నాను. "ఆ అంకె చూడండి. పంతొమ్మిది. మన కార్డులో పంతొమ్మిదో అధ్యాయం ఎప్పుడు చదివాం?"

"ఇప్పుడదెందుకమ్మా రమణీ? రికార్డింగ్ అవుతంది."

"అవనివ్వండి. చదవలేదు. ఎవరూ చదవలేదు. కార్డులో పద్దెనిమిది రెండుసార్లు పడింది, పంతొమ్మిది లేదు. తప్పు నాది, నేనే టైపు చేశాను. అత్తమ్మ ఒక్కతే పట్టుకుంది. ఆవిడకి మతిమరుపు లేదు."

అయ్యగారు జేబులోంచి కార్డు తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. వేలితో వరసలు దిగుతూ పద్దెనిమిది దగ్గర ఆగారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకోలేక కొవ్వొత్తులు సర్దడం మొదలుపెట్టారు. బావగారు ఫోను దించారు, కానీ కంగారులో ఆపలేక అటూ ఇటూ నొక్కుతున్నారు. మా ఆయన మొదటిసారి తల ఎత్తి అన్నగారి వైపు చూశాడు.

అత్తమ్మ నా చెయ్యి వదిలేసింది.

"నీకెప్పుడు తెలిసినాది?"

అబద్ధం చెప్పడానికి నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసి, మళ్ళీ తెరిచాను. "ఆ రోజే అత్తమ్మా. మీరు అన్న పది నిమిషాలకే."

"డాక్టరమ్మ కాడ కూడా తెలుసు?"

"తెలుసు."

ఆ నలభై రోజులూ బావగారిని చూసి, అయ్యగారిని చూసి, చేతులెత్తిన చర్చినంతా చూసి నేను ముక్కు విరిచాను. యోబుని పట్టుకుని తెలియక వాగిన ఆ ముగ్గురినీ తిట్టుకున్నాను. వాళ్ళెవరికీ నిజం తెలియదు. తెలిసి పక్కనే కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. అక్కడున్న అందరిలోకీ నీచురాలు ఎవరో ఆవిడ కళ్ళలో నాకు కనబడింది.

ఆవిడ తిట్టలేదు. చెంగు బిగించుకుని, సమాధికి ఎదురుగా ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. మాట మొదలుపెట్టింది. ఆవిడ నోట్లో అన్నీ మా ఊరి పలుకులే, ఆ ఒక్క మాట మాత్రం అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే, మామయ్య నేర్పినట్టే, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

చెప్పి నా వైపు తిరిగింది.

"రాయి మీద ఉంది కదా. తప్పులు సూసీ పని నీదే కదా. సూసి సెప్పు, నాను సెప్పిందాంట్లో తప్పుందేటి?"

రాయి మీది ఒక్కో అక్షరం చూశాను. కళ్ళలో నీళ్ళకి అక్షరాలు చెదిరాయి, తుడుచుకుని మళ్ళీ చూశాను.

"లేదు అత్తమ్మా."

"నాకు కాదే." ఆవిడ చెయ్యెత్తి, ఇంకా ఆ ఫోనుతో కుస్తీ పడుతున్న బావగారిని చూపించింది. "అది ఇంకా తిరుగుతంది కదా. అందులో పడాల. గట్టిగా సెప్పు."

గట్టిగా చెప్పాను.